మూడు షాట్ల ఎస్‌డీని నమ్మితే ఎలా తమ్ముడూ?

ప్రశ్న: అన్నా, నేను డాలస్ దగ్గర ఉంటాను. గ్రీన్‌కార్డు వచ్చాక ఒక 6.5 క్రీడ్‌మోర్ (తూటా సైజు పేరు) బోల్ట్ రైఫిల్ కొన్నాను, బ్యారెల్ 24 అంగుళాలు. ఈ మధ్యే తూటాలు సొంతంగా లోడ్ చేసుకోవడం మొదలుపెట్టి, బుల్లెట్ వేగం కొలిచే రాడార్ క్రోనోగ్రాఫ్ కూడా ఒకటి తీసుకున్నాను. 140 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటాల బరువు కొలత) బుల్లెట్‌తో, పౌడర్ 0.3 గ్రెయిన్ చొప్పున పెంచుకుంటూ ఎనిమిది లోడ్లు (పౌడర్ పాళ్లు), ఒక్కోటి మూడేసి తూటాలు చేసి సెప్టెంబర్ ఎండలో కాల్చాను. ఒక లోడ్ సెకనుకు 2738, 2741, 2743 అడుగుల వేగం చూపించింది. ఎస్‌డీ, అంటే వేగాల్లో చెదురు, 2.5! ఇక దొరికేసిందనుకుని అదే వంద చేసి నవంబర్‌లో 1000 గజాల మ్యాచ్‌కు పొద్దున్నే వెళ్తే, గురి లెక్క కట్టే యాప్ చెప్పినదానికన్నా 0.3 మిల్ (స్కోప్ కోణం కొలత) కిందకు పడ్డాయి, పైకీ కిందకీ బాగా చెదిరాయి కూడా. తిరిగొచ్చి మిగిలిన వాటిలో 20 కాలిస్తే సగటు 2731, ఎస్‌డీ 11. పైగా 100 గజాల్లో అన్నిటికన్నా చిన్న గ్రూప్ ఇచ్చింది వేరే లోడ్. కాటా మార్చాలా, ఎనీలింగ్ మెషిన్ (ఖాళీ తూటా గొట్టాలను వేడిచేసి మెత్తబరిచేది) కొనాలా, లేక క్రోనోనే తప్పు చూపిస్తోందా? ఇంకోటి, హెచ్1బీ మీద ఉన్న మా రూమ్మేట్ తనూ రేంజ్‌కి వచ్చి కాలుస్తానంటున్నాడు. తీసుకెళ్లొచ్చా?

సమాధానం:

తమ్ముడూ, నీ క్రోనోగ్రాఫ్‌కి ఏ రోగమూ లేదు. పర్సు కూడా అప్పుడే తీయకు. మూడు షాట్లతో తేలని విషయాన్ని మూడు షాట్లతోనే తేల్చేద్దామనుకున్నావు, జరిగింది అంతే. నేనూ మొదటి రెండేళ్లు అచ్చం ఇదే పని చేశాను, కాకపోతే నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు, డబ్బాల కొద్దీ పౌడర్ తగలేశాక అర్థమైంది.

ఎస్‌డీ అంటే ఇంటర్‌లో చదువుకున్న ప్రామాణిక విచలనమే, కొత్తదేం కాదు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు కదా, క్రోనోలో సగటు వేగానికి ఆ సామెత కొంతవరకు పనికొస్తుంది. ఎస్‌డీకి అస్సలు పనికిరాదు. ఎందుకంటే ఎస్‌డీ అడిగేది మెతుకు ఉడికిందా అని కాదు, కుండలోని మెతుకులు ఒకదానికొకటి ఎంత తేడాగా ఉడికాయి అని. అది రెండు మూడు మెతుకులు పట్టుకుని ఎవరు చెప్పగలరు?

నీ అంకెలతోనే లెక్క వేద్దాం. మూడు షాట్లలో 2.5 ఎస్‌డీ వస్తే, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది ఒక్కటే, ఆ లోడ్ అసలు ఎస్‌డీ 1.3కీ 15.7కీ మధ్య ఎక్కడో ఉందని. తర్వాత నీకు వచ్చిన 11 అందులోనే ఉంది చూడు. అంటే నీ లోడ్ మ్యాచ్‌కు వెళ్లేలోపు చెడిపోలేదు, అది మొదటినుంచీ అలాంటిదే. ఇరవై షాట్ల నుంచి వచ్చిన ఆ 11 కూడా గట్టి అంకెనుకోకు, అసలుది 8.4 కావచ్చు, 16 కావచ్చు. ఇరవై కాల్చినా ఇంత సందు మిగిలిందంటే మూడింటి మాట ఇక చెప్పేదేముంది.

నిన్ను మోసం చేసింది ఇంకోటి కూడా ఉంది. నువ్వు కాల్చింది ఒక్క లోడ్ కాదు, ఎనిమిది. ఆ ఎనిమిదింటికీ నిజమైన ఎస్‌డీ సరిగ్గా 10 అనుకో, ఏదీ ఇంకోదానికన్నా మెరుగు కాదనుకో. అప్పుడు కూడా ఒక్కో లోడ్ మూడు షాట్లలో 3 కన్నా తక్కువ ఎస్‌డీ చూపించే అవకాశం దాదాపు 9 శాతం. ఎనిమిదింటిలో కనీసం ఒక్కటైనా అలా చూపించే అవకాశం 51 శాతం. అంటే బొమ్మా బొరుసా వేసినట్టే. ఎనిమిది మందితో తలో మూడు బంతులు ఆడించి, మూడూ ఫోర్లు కొట్టినవాడిని ఓపెనర్‌గా దింపి, అసలు మ్యాచ్‌లో వాడు డకౌట్ అయితే బ్యాట్ మార్చమన్నట్టుంది నువ్వు ఎనీలింగ్ మెషిన్ గురించి అడగడం.

వేగం పెరుగుతూ పెరుగుతూ ఒకచోట ఆగినట్టు కనిపిస్తుంది, అదే 'నోడ్', అక్కడే లోడ్ పెట్టుకో అని చెప్పే పది షాట్ల పరీక్ష ఒకటి చాలామంది చేస్తారు. దాని జోలికి వెళ్లకు. చార్జ్, అంటే తూటాలో పోసే పౌడర్, పెంచితే వేగం దాదాపు సరళరేఖలా పెరుగుతుంది. ఒక్కో చార్జ్‌కు ఒక్కో షాట్ కాల్చినప్పుడు గీతలో కనిపించే మెట్లు చాలావరకు ఆ ఎస్‌డీ చేసే అల్లరే. నమ్మకం లేకపోతే అదే పరీక్ష మర్నాడు మళ్లీ చెయ్యి, మెట్టు ఇంకో చోటికి వెళ్లిపోయి ఉంటుంది. నేను మూడుసార్లు చేశాను, మూడు 'నోడ్'లు దొరికాయి.

ఈఎస్ చూపించి గొప్పలు చెప్పేవాళ్ల గురించి కూడా ఒక మాట. ఈఎస్ అంటే అన్నిటికన్నా వేగమైన షాట్‌కీ నెమ్మదైన షాట్‌కీ మధ్య తేడా. అది షాట్లు పెరిగేకొద్దీ పెరుగుతూనే పోతుంది. మూడు షాట్లకు సగటున ఎస్‌డీకి 1.7 రెట్లు, పదికి 3.1, ఇరవైకి 3.7. ఒకే లోడ్ మూడు షాట్లలో 19 అడుగుల ఈఎస్ ఇచ్చి ఇరవైలో 41 ఇస్తే అందులో వింత ఏమీ లేదు. అందుకే ఎవరైనా ఈఎస్ ఇంత అంటే ఎన్ని షాట్లకి అని అడుగు. చాలామంది అక్కడే మాట మార్చేస్తారు.

ఇప్పుడు అసలు సంగతి, 11 అంత చెడ్డ అంకెనా అని. నీ బుల్లెట్‌కు, నీ వేగానికి సెకనుకు 10 అడుగుల తేడా వస్తే 1000 గజాల దగ్గర అది రమారమి 2.7 అంగుళాలు పైకో కిందకో పడుతుంది. ఎఫ్‌క్లాస్ (పడుకుని దూరం కాల్చే పోటీ) టార్గెట్‌లో ఆ దూరానికి పది పాయింట్ల వలయం వెడల్పు 10 అంగుళాలు, ఎక్స్ వలయం 5. నీ 11 ఎస్‌డీ అంటే వేగం వల్ల వచ్చే నిలువు చెదురుకు ఎస్‌డీ 3 అంగుళాలు. రైఫిల్ సొంత చెదురు, నీ చెయ్యి కలిపి ఇంకో 2.6 అనుకుందాం. వీటిని నేరుగా కూడకూడదు, వర్గాలు కూడి వర్గమూలం తీయాలి, అప్పుడు మొత్తం 4 అంగుళాలు. ఇప్పుడు నువ్వు అప్పో సప్పో చేసి కాటా, మెషిన్, ఇంకేవో కొని ఎస్‌డీని 11 నుంచి 7కి దించావనుకో, మొత్తం 4 కాస్తా 3.2 అవుతుంది. ముప్పాతిక అంగుళం పైచిలుకు. ఎఫ్‌క్లాస్‌లో జాతీయ స్థాయికి వెళ్లేవాడికి అది చాలా విలువైన ముప్పాతిక, కాదనను. కానీ గంటకు ఒక్క మైలు గాలిని నువ్వు తప్పుగా అంచనా వేస్తే అదే దూరంలో బుల్లెట్ పక్కకు దాదాపు 7 అంగుళాలు పోతుంది, ఇంకా రెండో మ్యాచ్ కూడా ఆడని నువ్వూ, పన్నెండేళ్లుగా ఆడుతున్న నేనూ, ఇద్దరం గాలిని మైలు తేడాతో రోజూ తప్పే చదువుతాం. ఆ డబ్బుతో తూటాలు చేసుకుని గాలి ఉన్న రోజున కాల్చుకో.

100 గజాల గ్రూప్ వేరే లోడ్‌కు చిన్నగా వచ్చిందన్నావు. ఆ దూరంలో 10 అడుగుల వేగం తేడా అర మిల్లీమీటరు కూడా కదల్చదు, కాబట్టి అక్కడి గ్రూప్‌కీ ఎస్‌డీకీ సంబంధం వెతక్కు. ఇది ఒకందుకు, మూడు షాట్ల గ్రూప్ కూడా మూడు షాట్ల ఎస్‌డీ లాంటిదే అన్నది ఇంకొకందుకు. ఆ రెండు లోడ్లూ పదేసి మళ్లీ కాల్చు. పది షాట్లలో కూడా ఒక ఎస్‌డీ ఇంకోదానికి దాదాపు రెండింతలు ఉంటే తప్ప అవి నిజంగా వేరని గట్టిగా అనలేం, కాబట్టి 8కీ 11కీ తేడా చూసి సంబరపడిపోకు. గ్రూపులు కూడా ఇంచుమించు ఒకటే అనిపిస్తే తక్కువ పౌడర్ ఉన్నది తీసుకో. బ్యారెల్‌కూ మంచిది, బ్రాస్‌కూ (ఖాళీ ఇత్తడి గొట్టాలకూ) మంచిది.

మ్యాచ్‌లో 0.3 మిల్ కిందకు ఎందుకు పడ్డాయన్నది వేరే కథ, నాకైతే అదే ఆసక్తిగా అనిపించింది. 1000 గజాల్లో 0.3 మిల్ అంటే దాదాపు 11 అంగుళాలు. యాప్‌లో నువ్వు 2741 పెట్టావు, నీ నిజమైన సగటు 2731. అక్కడ రెండున్నర అంగుళాల పైన పోయింది. మూడు షాట్ల సగటులోనే ఆరు అడుగుల దాకా అటూఇటూ ఉండటం మామూలే, పైగా సెప్టెంబర్ మధ్యాహ్నం ఎండలో తూటాలు వేడెక్కి ఉంటాయి, నవంబర్ పొద్దున చల్లగా ఉంటాయి. పౌడర్‌ను బట్టి ఒక్కో ఫారెన్‌హీట్ డిగ్రీకి పావు అడుగు నుంచి ఒక అడుగు పైదాకా వేగం మారుతుంది. నీ పౌడర్ ఏదో రాయలేదు. హాడ్జ్‌డన్ వాళ్ల హెచ్4350 లాంటిదైతే తక్కువే మారుతుంది, వేరే రకమైతే టెక్సాస్ ఎండకూ చలికీ మధ్య 40, 50 అడుగులు కూడా మారొచ్చు. కానీ వీటన్నిటికన్నా పెద్ద అనుమానం నాకు యాప్ మీదే. 95 డిగ్రీల గాలి నుంచి 50 డిగ్రీల గాలికి వస్తే గాలి సాంద్రత దాదాపు 9 శాతం పెరుగుతుంది, ఆ ఒక్కదానికే 1000 గజాల్లో పావు మిల్ దాకా కిందకు పడుతుంది. ఆ రోజు పొద్దున యాప్‌లో ఉష్ణోగ్రత మార్చావా? మార్చి ఉంటే క్షమించు. మార్చకపోతే నీ పదకొండు అంగుళాలు అక్కడే దొరికేశాయి. ఇంకా మిగిలితే జీరో, అంటే స్కోప్ గురి సరిచేసుకున్న బిందువు, చూడు, 100 గజాల్లో జీరో 0.1 మిల్ తప్పితే అక్కడ మూడున్నర అంగుళాలు తప్పుతుంది.

పీడనం సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఫోన్‌లో వాతావరణం యాప్ చూపించే పీడనం సముద్రమట్టానికి సర్దిన అంకె, నువ్వు నిల్చున్నచోట ఉన్న అసలు పీడనం కాదు. డాలస్‌లో అది పెద్దగా బాధించదు. ఎప్పుడైనా న్యూమెక్సికోలోని రాటన్ లాంటి ఎత్తైన చోటికి కాల్చడానికి వెళ్లి అదే అంకె కొట్టావనుకో, గాలి చాలా చిక్కగా ఉందనుకుని యాప్ ఎక్కువ ఎత్తు ఇస్తుంది, షాట్లన్నీ టార్గెట్ మీంచి వెళ్లిపోతాయి. చిన్న వాతావరణ మీటర్ ఒకటి కొనుక్కో, ఎనీలింగ్ మెషిన్‌కన్నా అదే ముందు.

యాప్ అంకె కలవకపోతే అది కలిసేదాకా వేగం మార్చేసే అలవాటు కూడా చూశాను, 'ట్రూయింగ్' అని పేరు పెట్టి. నీ దగ్గర మంచి రాడార్ ఉంది, ఇరవై షాట్ల సగటు ఉంది, ఎస్‌డీ 11 అయినా ఆ సగటులో పొరపాటు మామూలుగా రెండున్నర అడుగుల దాకానే, ఐదుకు మించడం అరుదు. ఆ అంకెను కదపకు. జీరో, ఉష్ణోగ్రత, పీడనం, స్కోప్ క్లిక్‌లు నిజంగా చెప్పినంత కదులుతున్నాయా అన్నవి ముందు చూసి, అప్పటికీ తేడా ఉంటే బీసీ (బుల్లెట్ గాలిని ఎంత బాగా చీల్చుకుపోతుందో చెప్పే అంకె) దగ్గరకు రా. స్కోప్ తప్పును వేగం మీదకు నెట్టేస్తే 1000 దగ్గర అంకె కలుస్తుంది, 700 దగ్గర మళ్లీ తప్పుతుంది.

క్రోనోగ్రాఫ్ నిజంగా ప్రాణాలు కాపాడే పని ఒకటుంది, ఎస్‌డీ మోజులో పడి చాలామంది దాన్ని పట్టించుకోరు. మాన్యువల్‌లో నీ పౌడర్‌కు, నీ బుల్లెట్‌కు గరిష్ఠ చార్జ్ దగ్గర ఎంత వేగం రావాలో రాసి ఉంటుంది, ఏ పొడవు బ్యారెల్‌తో కొలిచారో కూడా ఉంటుంది. అంగుళానికి 20, 30 అడుగులు సర్ది చూసుకో. ఆ వేగం నీకు ముందే వచ్చేసిందంటే, పౌడర్ ఇంకా గరిష్ఠానికి చేరకపోయినా సరే, నీ ఛాంబర్‌లో పీడనం అప్పటికే చేరిపోయిందని అర్థం. వేగం ఎవరికీ ఊరికే రాదు. 6.5 క్రీడ్‌మోర్‌కు అమెరికా తూటాల ప్రమాణాల సంస్థ శామీ పెట్టిన గరిష్ఠ పీడనం 62,000 పీఎస్‌ఐ, దాన్ని నువ్వు ఇంట్లో కొలవలేవు, నీకున్న సాక్షి ఈ వేగమే. నేను ఒకప్పుడు పుస్తకం కన్నా 60 అడుగులు ఎక్కువ వేగంతో, బోల్ట్ తేలిగ్గానే లేస్తోంది కదా, ప్రైమర్లు (తూటా అడుగున పౌడర్‌ను అంటించేవి) బాగానే ఉన్నాయి కదా అని మురిసిపోతూ కాల్చాను. మూడోసారి లోడ్ చేసేటప్పటికి ప్రైమర్ పాకెట్లు వదులై ప్రైమర్లు వేలితో నొక్కితే దిగిపోయాయి. ఆ వంద బ్రాస్ చెత్తబుట్టలోకి పోయింది, అదృష్టం కొద్దీ నష్టం అంతటితో ఆగింది.

రైఫిల్ కొత్తది కాబట్టి ఇంకోటి కూడా గుర్తుపెట్టుకో. కొత్త బ్యారెల్ మొదటి 100, 200 తూటాల్లో వేగం పుంజుకుంటుంది. అందుకే మొదటి డబ్బాతోనే లోడ్ ఖాయం చేసేయడం దండగ. ఫ్యాక్టరీ తూటాలో, మధ్యస్థం లోడో పెట్టి గాలి చదవడం ప్రాక్టీస్ చేస్తూ ఆ 200 కాల్చెయ్, తర్వాత కొలువు. మరీ ఎక్కువ పరీక్షలూ వద్దు, ఈ క్యాలిబర్ బ్యారెల్ మ్యాచ్‌కు పనికొచ్చేది రెండు మూడు వేల తూటాలే, అందులో సగం లోడ్ వెతకడానికే పోతే మ్యాచ్‌లో ఏం కాలుస్తావ్.

పరికరం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, నీ తరానికి అదృష్టం. బెంజమిన్ రాబిన్స్ 1740ల్లో బుల్లెట్ వేగం కొలవడానికి బరువైన చెక్క లోలకాన్ని వేలాడదీసి దానికేసి కాల్చి ఎంత ఊగిందో చూశాడు. మేం మొదట్లో వెలుతురుతో పనిచేసే రెండు స్క్రీన్ల మీంచి కాల్చేవాళ్లం, మబ్బు అడ్డం వస్తే ఒక అంకె, ఎండ వస్తే ఇంకో అంకె. నేను ఒకసారి స్కోప్ ఎత్తు మర్చిపోయి స్క్రీన్‌నే కాల్చేశాను, దాని వేగం మాత్రం నమోదు కాలేదు. బ్యారెల్ చివర కట్టే మ్యాగ్నెటోస్పీడ్ రకం వేగం సరిగ్గానే చెబుతుంది గానీ, మూతి దగ్గర బరువు వేలాడుతుంటే బుల్లెట్ పడే చోటు మారిపోతుంది, దాంతో గ్రూప్ చూడకూడదు. రాడార్‌కు ఆ బాధ లేదు. జనం ఎక్కువ ఉన్న రేంజ్‌లో పక్కవాడి షాట్ నీ లెక్కలో కలిసిందేమో మాత్రం ఒక కన్నేసి ఉంచు. అది నీది కాదని రూఢిగా తెలిస్తే తీసెయ్, నీదే అయ్యుండి నచ్చకపోతే మాత్రం తీయకు. అసహ్యంగా కనిపించే ఆ ఒక్క 2702ను చెరిపేస్తే ఎస్‌డీ అందంగా తయారవుతుంది, మ్యాచ్‌లో మాత్రం ఆ తూటా మళ్లీ వస్తుంది.

కాబట్టి నేను నీ చోట ఉంటే ఇలా చేస్తాను. మాన్యువల్‌లో కనిష్ఠ చార్జ్ నుంచి ఒక్కో తూటా కాలుస్తూ, వేగం చూసుకుంటూ పైకి వెళ్లి, గరిష్ఠానికి కాస్త దిగువన హాయిగా ఉన్నచోట ఆగుతాను. ఆ చార్జ్‌తో ఇరవై చేసి, పది ఒక రోజు, పది వేరే రోజు కాలుస్తాను. ఉష్ణోగ్రత, చల్లని బ్యారెల్‌లోంచి కాల్చిన మొదటి షాట్ వేగం విడిగా పుస్తకంలో రాసుకుంటాను. ఎస్‌డీ 12 లోపు వస్తే అక్కడితో లోడ్ పని అయిపోయినట్టే. 15, 20 వస్తే చార్జ్‌ను 0.1 గ్రెయిన్ అటూఇటూ జరపడం వల్ల ఒరిగేదేం లేదు, పౌడర్ రకమో ప్రైమరో బ్రాస్ కంపెనీయో, అలాంటి పెద్దది ఒకటి మార్చాలి, ఒకసారికి ఒకటే. కాటా సంగతికి వస్తే, నీ తూటాలో 0.1 గ్రెయిన్ పౌడర్ అంటే ఐదారు అడుగుల వేగం, 0.1 వరకు సరిగ్గా తూచే మామూలు కాటా వల్ల నీ ఎస్‌డీలోకి వచ్చేది చాలా కొద్ది. కాటా సున్నా జరిగిపోకుండా అప్పుడప్పుడు చెక్ వెయిట్ పెట్టి చూసుకో, పక్కన ఫ్యాన్ తిరుగుతుంటే ఆపెయ్. ప్రస్తుతానికి అంత చాలు.

ఇక మీ రూమ్మేట్. ఈ విషయంలో మనవాళ్లు చాలామంది తెలియక ఇరుక్కుంటారు, అందుకే చెబుతున్నా. హెచ్1బీ లాంటి నాన్‌ఇమ్మిగ్రంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజ్‌లో ఐదు నిమిషాలు చేతిలోకి తీసుకుని కాల్చడం కూడా అందులోకే వస్తుంది, రేంజ్ వాడు ఐడీ చూసి అద్దెకు ఇచ్చాడన్నది సాకు కాదు. చట్టంలోనే కొన్ని మినహాయింపులు ఉన్నాయి, మనవాళ్లు ఎక్కువగా వాడుకునేది చెల్లుబాటులో ఉన్న రాష్ట్ర హంటింగ్ లైసెన్స్. మీ టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కూడా ఉంది, ఆ కోర్సు చేసి లైసెన్స్ తీసుకుని, ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను ఒకసారి అడిగి, అప్పుడు రమ్మను. అప్పటిదాకా వెనక కూర్చుని నీ వేగాలు పుస్తకంలో రాసిపెట్టమను. ఆ లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది, సెప్టెంబర్‌లో పాతది జేబులో పెట్టుకుని వచ్చేస్తే అది లేనట్టే లెక్క.